రాత్రంతా మండే గొట్టం: ఆ గ్యాసుతో కరెంటు ఎందుకు తీయరు?

మేడమీద_మడతకుర్చీ

మా ఇల్లు ఒక ఉక్కు కర్మాగారానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. వేసవి రాత్రుల్లో మేడ మీద పడుకున్నప్పుడల్లా ఆ వైపున ఎత్తైన గొట్టం కొసన నారింజ రంగు మంట ఎగసిపడుతూ కనిపిస్తుంది. మొన్న కరెంటు బిల్లు వచ్చిన రాత్రే మా వీధిలో రెండు గంటలు సరఫరా ఆగిపోయింది. చీకట్లో విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్న నాకు ఆ మంట ఎదురుగా పండగ చేసుకుంటున్నట్లు అనిపించింది. పరిశ్రమల వృథా వాయువుతో విద్యుత్తు తీయవచ్చని ఎక్కడో చదివాను. అది నిజమైతే ఇంత గ్యాసును గాలిలో ఎందుకు తగలబెడుతున్నారు?

తిరగలి

బొగ్గు చౌకగా దొరుకుతున్నంత కాలం గ్యాసు మీద ఎవరు డబ్బు పెడతారు? ఇది సాంకేతిక సమస్య కాదు, యాజమాన్యాల బద్ధకం.

నిప్పుకోడి

మంటను చూస్తూ విసురుకున్నారా? ఆ విసనకర్ర గాలికే అది అంత ఎగసిందేమో ఒకసారి విచారించండి.

పాత_బాయిలర్

ముప్పై రెండేళ్లు గ్యాసు బాయిలర్ల దగ్గర పనిచేసి విరమించినవాణ్ణి కనుక కొంచెం పొడవుగానే రాస్తాను. ఉక్కు కర్మాగారంలో వృథా వాయువు ఒకటి కాదు, మూడు ఉంటాయి. ఇనుప ఖనిజాన్ని కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు నెత్తి నుంచి వచ్చేది బి.ఎఫ్. గ్యాసు, ఒక టన్ను కరిగిన ఇనుముకు సుమారు 1,600 ఘనమీటర్లు వస్తుంది. అయితే అందులో సగానికి పైగా మండని నత్రజని, మరో ఐదో వంతు బొగ్గుపులుసు వాయువు పోగా, మండగలిగిన కార్బన్ మోనాక్సైడు పావు వంతుకు మించదు. రెండవది కోక్ ఓవెన్ గ్యాసు. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసేటప్పుడు వచ్చే ఈ వాయువులో సగానికి పైగా హైడ్రోజను, పావు వంతు మీథేను ఉంటాయి కనుక ఇది మంచి ఇంధనం. మూడవది ఉక్కు తయారుచేసే కన్వర్టర్ల నుంచి వచ్చే ఎల్.డి. గ్యాసు.

ఈ మూడింటినీ మొదట వాడుకునేది విద్యుత్ కేంద్రం కాదు. ఫర్నేసులోకి ఊదే గాలిని వేడిచేసే స్టవ్‌లకు, కోక్ ఓవెన్లకు, రోలింగ్ మిల్లుల్లో ఉక్కు దిమ్మెలను ఎర్రగా కాల్చే కొలుములకు పోగా మిగిలిన గ్యాసే బాయిలర్లకు వస్తుంది. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్ల బంతి లాంటిది మాది; అందరూ తిని లేచాక మిగిలినది ఎంతో, అది ఎప్పుడు మిగులుతుందో మా చేతిలో ఉండేది కాదు. ఒక మిల్లు హఠాత్తుగా ఆగితే ఆ గ్యాసంతా ఒక్కసారిగా మా మీద పడేది. మిల్లు తిరిగి మొదలైతే అంత హఠాత్తుగానూ తగ్గిపోయేది. బాయిలర్ ఆ ఊపును అందుకునే లోపు మిగులు గ్యాసు ఎక్కడికో ఒక చోటికి పోవాలి. మీరు చూసిన గొట్టం అందుకోసమే ఉంది.

మేడమీద_మడతకుర్చీ

అయితే ట్యాంకులో పట్టి దాచుకోవచ్చు కదా?

పాత_బాయిలర్

దాస్తారు. దానిని గ్యాస్ హోల్డర్ అంటారు. అయితే రోజుకు ఏడు వేల టన్నుల ఇనుము తీసే ఫర్నేసు ఒక్కటే గంటకు 4,60,000 ఘనమీటర్లకు పైగా గ్యాసు ఇస్తుంది. లక్ష ఘనమీటర్ల హోల్డర్ కట్టినా, ఎవరూ వాడకపోతే అది పదమూడు నిమిషాల్లో నిండిపోతుంది. అది కుదుపులను సర్దడానికి పనికివస్తుంది కానీ పగటి గ్యాసును రాత్రికి దాచడానికి కాదు.

గుణకారం

లెక్క వేయకుండా వాదించడం నాకు నచ్చదు కనుక వేసి చూశాను. గంటకు 50,000 ఘనమీటర్ల గ్యాసు మండుతున్నదని అనుకుందాం. ఘనమీటరుకు 9,000 కిలో కేలరీలు, ఒక యూనిట్ విద్యుత్తు 860 కిలో కేలరీలకు సమానం, బాయిలర్, టర్బైన్లు కలిసి 32 శాతం సామర్థ్యం అని తీసుకుంటే 167 మెగావాట్లు వస్తున్నాయి. అంటే ఆ ఒక్క గొట్టం మీద ఒక మోస్తరు పట్టణం బతుకుతుంది! తిరగలి గారి అనుమానం సరైనదేననిపిస్తున్నది.

పాత_బాయిలర్

గుణకారం సరిగానే ఉంది కానీ గుణించిన అంకె తప్పు. తొమ్మిది వేలు సహజ వాయువు సంగతి. బి.ఎఫ్. గ్యాసుకు ఘనమీటరుకు 750 నుంచి 900 కిలో కేలరీలు మాత్రమే ఉంటాయి. ఎల్.డి. గ్యాసుకు రెండు వేల లోపు, కోక్ ఓవెన్ గ్యాసుకు నాలుగు వేల పైచిలుకు ఉంటాయి.

గుణకారం

తప్పు ఒప్పుకుంటున్నాను. 800 వేసి మళ్లీ చేశాను. 167 కాస్తా 15 మెగావాట్లకు దిగింది. ఒక యూనిట్‌కు సుమారు మూడుంబావు ఘనమీటర్లకు పైగా గ్యాసు పోయాలన్నమాట. సరదాకు మరొకటి కూడా లెక్కవేశాను. మన వంటింటి సిలిండర్‌లో ఉండే 14.2 కిలోల గ్యాసుకు సమానమైన వేడి కావాలంటే బి.ఎఫ్. గ్యాసును పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదులు ఐదారింటిలో నింపాలి.

నిప్పుకోడి

సిలిండర్ మోసుకొచ్చే కుర్రవాడికి ఈ లెక్క చూపించకండి.

తిరగలి

పదిహేను మెగావాట్లయినా ఉచితంగా వచ్చేదే కదా! గుణకారం గారు నన్ను సమర్థించి మధ్యలో వదిలేసినా నా మాట మీద నేను ఉన్నాను.

ఉక్కునగరం_పాతకాపు

ఉచితం అనే మాటకు వచ్చేసరికి నేనూ చేయి పెట్టక తప్పడం లేదు. విశాఖ ఉక్కులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి. అక్కడి సొంత విద్యుత్ కేంద్రం బొగ్గుతో పాటు ఈ వాయువులను కూడా మండిస్తుంది; దానికి తోడు మిగులు గ్యాసు కోసమే 120 మెగావాట్ల కేంద్రాన్ని తరువాత కట్టారు. అయితే ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని సంగతి ఒకటి ఉంది. గ్యాసును మండించకుండానే దాని నుంచి విద్యుత్తు తీయవచ్చు.

ఫర్నేసు నెత్తి మీద గ్యాసు చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలకు అటూ ఇటూ పీడనంతో ఉంటుంది. దానిని కిందకు పైపుల్లోకి పంపాలంటే ఆ పీడనాన్ని తగ్గించాలి. ఒకప్పుడు వాల్వుల్లో నొక్కి తగ్గించేవారు. ఆ చోట చెవులు గింగురుమనే రొద ఉండేది. వాల్వు బదులు అక్కడ టర్బైన్ పెడితే గ్యాసు దానిని తిప్పి, పీడనం కోల్పోయి, వేడినిచ్చే గుణం మాత్రం పోగొట్టుకోకుండా అవతలికి వస్తుంది. టన్ను ఇనుముకు ముప్పై నలభై యూనిట్లు ఇలా చేతికి వస్తాయి, రొదా తగ్గుతుంది. విశాఖలో మొదటి నుంచీ ఇలాంటి టర్బైన్లు ఉన్నాయి.

కోక్ సంగతీ అంతే. వెయ్యి డిగ్రీల మీద ఎర్రగా బయటికి వచ్చిన కోక్ మీద నీళ్లు గుమ్మరిస్తే తెల్లని ఆవిరి మేఘం లేచి వేడంతా ఆకాశంపాలు అవుతుంది. విశాఖలో నీటికి బదులు నత్రజనిని ఆ కోక్ గుండా పంపి చల్లార్చి, వేడెక్కిన ఆ నత్రజనితో ఆవిరి పుట్టించి టర్బైన్లు తిప్పుతారు. జపాన్ ప్రభుత్వ సంస్థ నెడో సహకారంతో, ఖనిజపు పొడిని కాల్చి ముద్దలు కట్టించిన సింటర్‌ను చల్లార్చే కూలర్ల వేడి గాలి నుంచి 20.6 మెగావాట్లు తీసే యూనిట్ కూడా అక్కడే పెట్టారు.

తిరగలి

పాతకాపు గారు చెప్పినవన్నీ నా వాదనకే బలం. ఒక చోట సాధ్యమైనది మరొక చోట ఎందుకు సాధ్యం కాదు?

పాత_బాయిలర్

తిరగలి గారికి సగం మార్కులు వేయక తప్పదు. నేను పనిచేసిన ఒక చోట ఫర్నేసు సామర్థ్యం పెంచిన తరువాత దానికి తగిన కొత్త బాయిలర్ రావడానికి కొన్నేళ్లు పట్టింది. ఉత్పత్తి పెంచే యంత్రానికి వెంటనే దొరికిన డబ్బు, మిగులును పట్టే యంత్రానికి దొరకలేదు. ఆ మధ్యకాలంలో మా గొట్టం పగలూ రాత్రీ మండింది. అయితే అన్ని యూనిట్లూ సిద్ధంగా ఉన్నా మంట పూర్తిగా ఆరిపోదు. ఆ రెండు రకాల మంటలనూ ఒకే గాటన కట్టవద్దని మాత్రమే నేను అంటున్నాను.

మసిగుడ్డ

ఒక ప్రాథమిక సందేహం. గ్యాసు మిగిలితే మండించకుండా గాలిలోకి వదిలేస్తే ఆ మంట కనిపించేది కాదు, ఎవరికీ కోపం వచ్చేది కాదు కదా?

సైరన్_కూత

మసిగుడ్డ గారూ, దయచేసి ఆ మాట ఎవరి దగ్గరా అనకండి. బి.ఎఫ్. గ్యాసులో ఉన్నది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు, గొంతు పట్టదు, కళ్లు మండవు. 2018 జూలైలో తాడిపత్రి దగ్గర ఒక ఉక్కు మిల్లులో ఆరుగురు చనిపోయింది ఈ వాయువు వల్లనే. 2014 జూన్‌లో భిలాయ్ ఉక్కు కర్మాగారంలో కూడా ఆరుగురు పోయారు. ఆ గొట్టం మీద మంట ఉన్నందువల్లనే మేడ మీద పడుకున్నవారు ఉదయం లేస్తున్నారు.

నేను గ్యాసు పైపుల నిర్వహణలో ఉన్నాను. పైపు అడుగున చేరే నీటిని వదులుతూ, తనలో నిలిచిన నీటి అడ్డుతో గ్యాసును బయటికి రానివ్వని సీల్ పాట్ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్తాం. ఒకరు పని చేస్తారు, రెండవవారు గాలి ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపు నిలబడి చూస్తారు. బెల్టుకు తగిలించుకున్న మానిటర్ 50 పి.పి.ఎం. (గాలిలో పది లక్షల వంతులకు 50 వంతులు) దగ్గర కూయడం మొదలుపెడుతుంది. ఒకసారి మా పాత కర్మాగారంలో వేసవి ఎండకు సీల్‌లో నీరు ఆవిరై తగ్గిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు. నా మానిటర్ కూసింది, దాని అంకె చూసే లోపే 400 దాటింది. నా జతగాడు చొక్కా కాలరు పట్టుకొని వెనక్కి లాగాడు. ఆ తరువాత మూడు రోజుల తలనొప్పి తప్ప మరేమీ కాలేదు. అప్పటి నుంచి పైపు దగ్గరికి వెళ్లగానే ముందుగా సీల్ పాట్ పక్కనున్న గాజు గొట్టంలో నీటి మట్టం చూస్తాను.

మసిగుడ్డ

వెనక్కి తీసుకుంటున్నాను.

సున్నపురాయి

ఉక్కు వారే మాట్లాడుతున్నారు కనుక సిమెంటు తరఫున. మా గ్యాసుకు మండే గుణం ఏమాత్రం లేదు. ఉన్నదల్లా వేడి మాత్రమే. ముడి పొడిని ముందుగా వేడిచేసే ప్రీహీటర్ నుంచి బయటికి వచ్చే పొగ మూడు వందలు, మూడు వందల యాభై డిగ్రీల దాకా ఉంటుంది. క్లింకర్‌ను, అంటే నూరితే సిమెంటు అయ్యే కాలిన గడ్డలను, చల్లార్చిన గాలి కూడా ఇంచుమించు అంతే వేడితో వస్తుంది. ఈ రెండింటినీ బాయిలర్ల గుండా పంపితే టన్ను క్లింకర్‌కు 25 నుంచి 35 యూనిట్లు వస్తాయి. రోజుకు ఆరు వేల టన్నుల కిల్న్ (తిరిగే కొలిమి) అయితే ఏడెనిమిది మెగావాట్లు వచ్చి, మొత్తం అవసరంలో పావు నుంచి మూడో వంతు దాకా తీరుతుంది.

అయితే పొగతో పాటు వచ్చే దుమ్మును చూడనివారు దీనిని సులువు అనుకుంటారు. బాయిలర్ ట్యూబుల మీద ఆ దుమ్ము పిండిలా పేరుకుంటుంది. ట్యూబులను కొట్టి దులపడానికి వరుసగా సుత్తులు అమర్చి ఉంటాయి. నిమిష నిమిషానికీ ఠంగుమని మోగుతుంటే మా కంట్రోల్ రూమ్‌కు కొత్తగా వచ్చినవారు గుడి గంటలనుకుంటారు. ఇక నీళ్ల సంగతి. మాది కడప జిల్లా. ఆవిరిని తిరిగి నీరు చేయడానికి కూలింగ్ టవర్ పెట్టే భాగ్యం లేక పెద్ద ఫ్యాన్లతో గాలి చల్లార్పు పెట్టుకున్నాం. మే నెల మధ్యాహ్నం నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఆ ఫ్యాన్లు గిలగిలలాడతాయి, ఉత్పత్తి కూడా పడిపోతుంది.

నల్లధూళి

నేను ఇంజనీరును కాను, ఖనిజాన్ని కరిగించకుండానే ఇనుముగా మార్చే ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ పక్క ఊరి రైతును. బొగ్గు, ఇనుప ఖనిజం కలిపి తిప్పే ఆ కిల్న్ పొగ మొదట్లో నేరుగా గొట్టంలోకి పోయేది. దుమ్ము పట్టే యంత్రం ఉన్నా రాత్రిపూట దానిని ఆపేసి, పైన టోపీ తెరిచేవారు. తెల్లవారేసరికి పత్తి కాయల మీద, బావి నీటి మీద, ఆరేసిన బట్టల మీద మసి ఉండేది. అర్జీలు పెట్టాం, ధర్నా చేశాం, తనిఖీకి వచ్చిన రోజున మాత్రం ఆకాశం నీలంగా ఉండేది.

తరువాత వాళ్లు ఆ పొగ వేడితో కరెంటు తీసే బాయిలర్ పెట్టారు. అది పెట్టింది మా కోసం కాదు. అయినా మసి సగానికి పైగా తగ్గింది. ఎందుకని అక్కడ పనిచేసే మా మేనల్లుణ్ణి అడిగితే, టోపీ తెరిచిన ప్రతి గంటా ఎన్ని యూనిట్లు పోయాయో ఇప్పుడు కాగితం మీద రాయవలసి వస్తున్నది మామయ్యా, అన్నాడు. మా అర్జీలు చేయలేని పనిని వాళ్ల మీటరు చేసింది. పూర్తిగా పోయిందని చెప్పను. కిల్న్ లోపల గార కట్టి ఆగిపోయినప్పుడు, తిరిగి వెలిగించినప్పుడు ఇప్పటికీ టోపీ తెరుచుకుంటుంది.

గుణకారం

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన వాటిలో నల్లధూళి గారి మేనల్లుడి మాట నాకు అన్నింటికన్నా నచ్చింది. ఆ ఫ్యాక్టరీలో ఎంత తీస్తారో చెప్పగలరా?

నల్లధూళి

వంద టన్నుల కిల్న్‌లు రెండు ఉన్నాయి. నాలుగు మెగావాట్లని చెబుతారు.

సున్నపురాయి

నమ్మదగిన అంకే. వంద టన్నులకు రెండు మెగావాట్లు అన్నది స్పాంజ్ ఐరన్ వారి వాడుక లెక్క. వాళ్ల పొగ తొమ్మిది వందల డిగ్రీల మీద ఉంటుంది. మా మూడు వందల డిగ్రీలవాళ్లకు అది అసూయ కలిగించే సంగతి.

అధికరణం_86

ఈ విద్యుత్తును పచ్చ విద్యుత్తుగా లెక్కించాలా అన్న తగువు సంగతి కూడా చెప్పుకోవాలి. విద్యుత్ చట్టం, 2003 లోని సెక్షన్ 86(1)(ఇ) కో-జనరేషన్‌ను (ఒకే ఇంధనంతో విద్యుత్తునూ, పరిశ్రమకు పనికివచ్చే వేడినీ తీయడం), పునరుత్పాదక వనరులను రెండింటినీ ప్రోత్సహించమంటుంది. ఆ ఆధారంతో 2010లో విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్, ఇంధనం ఏదైనప్పటికీ కో-జనరేషన్ చేసే పరిశ్రమను పునరుత్పాదక విద్యుత్తు తప్పనిసరిగా కొనమని నిర్బంధించరాదని తీర్పు చెప్పింది. వాదం అంతటితో ముగియలేదు. ఆ తరువాత కూడా విద్యుత్ నియంత్రణ కమిషన్ల ముందు ఏదో రూపంలో నడుస్తూనే వచ్చింది.

మొదటి ప్రశ్న అడిగినవారికి మరొక మాట. ఆ గొట్టం మంటను పట్టి విద్యుత్తు తీసినా అది మీ వీధికి రాదు. 2005 నాటి నిబంధనల ప్రకారం సొంత వాడకపు కేంద్రం అనిపించుకోవాలంటే వాడుకదారులకు కనీసం 26 శాతం వాటా ఉండాలి, తీసిన విద్యుత్తులో కనీసం 51 శాతం వాళ్లే వాడుకోవాలి. ఉక్కు కర్మాగారం ఆకలి అంతకన్నా పెద్దది కనుక దాదాపు అంతా లోపలే ఖర్చవుతుంది. మీకు కలిగే మేలు ఏదైనా ఉంటే, అది ఆ కర్మాగారం గ్రిడ్ నుంచి అంతమేరకు తక్కువ లాగడమే.

తిరగలి

బొగ్గు నుంచి పుట్టిన గ్యాసుకు పచ్చరంగు పూయడాన్ని నేను మాత్రం ఒప్పుకోను. ఎంత పట్టి వాడినా చివరికి పొగగొట్టం నుంచి పోయేది బొగ్గుపులుసు వాయువే.

పాత_బాయిలర్

ఈసారి పూర్తి మార్కులు. గొట్టం మీద మండినా బాయిలర్‌లో మండినా గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువు అంతే ఉంటుంది. బాయిలర్‌లో మండినప్పుడు దాని బదులు మరొక చోట మండవలసిన బొగ్గు మిగిలిపోతుంది. లాభమంతా అక్కడే ఉంది.

దూరపు_కొండ

జపాన్‌లో విద్యుత్ యంత్రాల రంగంలో ఉన్నాను. ఇక్కడ బి.ఎఫ్. గ్యాసును బాయిలర్‌లో మాత్రమే కాక నేరుగా గ్యాస్ టర్బైన్‌లో కూడా మండిస్తారు. కిమిత్సులో 300 మెగావాట్ల యూనిట్ 2004 నుంచి ఉంది. పొగ వేడితో మళ్లీ ఆవిరి టర్బైన్ తిప్పుతారు కనుక అదే గ్యాసుకు గుణకారం గారి 32 శాతం కన్నా చాలా ఎక్కువ వస్తుంది. చిక్కు ఏమిటంటే, ఇంత పలుచని గ్యాసును టర్బైన్‌లోకి నెట్టాలంటే ముందుగా దానిని పెద్ద కంప్రెసర్‌తో నొక్కాలి, తీసిన విద్యుత్తులో చెప్పుకోదగిన భాగాన్ని ఆ కంప్రెసరే తినేస్తుంది. గ్యాసులో దుమ్ము ఏమాత్రం మిగిలినా టర్బైన్ రెక్కలు అరిగిపోతాయి. ఇరవై నాలుగు గంటలూ నిలకడగా గ్యాసు దొరికే చోటనే అంత ఖరీదు పెట్టడం గిట్టుబాటవుతుంది.

పాత_బాయిలర్

మడతకుర్చీ గారూ, మొదటి రోజే అడగవలసినది ఇప్పుడు అడుగుతున్నాను. అక్కడ గొట్టం ఒకటేనా? మంట రంగు ఎప్పుడూ నారింజేనా, ఎంతసేపు ఉంటుంది? ఒక వారం రాసి పెట్టగలిగితే ఏ గ్యాసు పోతున్నదో చెప్పవచ్చు.

నిప్పుకోడి

వాచ్‌మన్ ఉద్యోగం దొరికింది, జీతం మాత్రం విసనకర్ర.

మేడమీద_మడతకుర్చీ

తొమ్మిది రాత్రులు నోటుబుక్కులో రాశాను. శ్రద్ధగా చూస్తే మూడు గొట్టాలు ఉన్నాయి. ఎడమ చివర ఉన్నది చిన్న నారింజ మంట. ఎప్పుడూ ఆరదు, పెద్దగా పెరగదు. నేను ఇన్నాళ్లూ కోపగించుకున్నది దాని మీదే. కుడివైపు గొట్టం రెండు మూడు నిమిషాలు మండి ఆగి, పది పన్నెండు నిమిషాల తరువాత మళ్లీ కాసేపు మండి, ఆ తరువాత దాదాపు అరగంట చీకటిగా ఉంటుంది. రాత్రంతా ఇదే వరస. మధ్య గొట్టం మీద మంట లేదనే అనుకున్నాను. ఐదవ రాత్రి ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు దాని పైభాగంలో నక్షత్రాలు నీటిలో కదిలినట్లు వణకడం చూశాను. మా అబ్బాయి బైనాక్యులర్‌తో చూసి లేత నీలం రంగు ఉందన్నాడు. ఆ వణుకు ఆ రాత్రి పదకొండు నుంచి నాలుగున్నర వరకు ఉంది.

పాత_బాయిలర్

చాలా చక్కగా రాశారు. ఎడమది కోక్ ఓవెన్ గ్యాసు, లేదా ఎప్పుడూ వెలిగించి ఉంచే పైలట్ మంట. కుడిది నిస్సందేహంగా ఎల్.డి. గ్యాసు. కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊదే పదహారు పదిహేడు నిమిషాల్లో మొదటి, చివరి నిమిషాల గ్యాసు పలుచగా ఉంటుంది, ఆక్సిజన్ కలిసే ప్రమాదమూ ఉంటుంది కనుక దానిని మండించేసి, మధ్యలో వచ్చే మంచి గ్యాసును మాత్రమే హోల్డర్‌కు పంపుతారు. మీరు చూసిన పది పన్నెండు నిమిషాల చీకటి అంటే గ్యాసును పట్టుకుంటున్నారని అర్థం.

మధ్యది బి.ఎఫ్. గ్యాసు. దాని మంట దాదాపు కనిపించదు. ఐదున్నర గంటలపాటు వణికిందంటే ఆ రాత్రి ఏ బాయిలరో టర్బైనో ఆగి ఉండాలి. మీరు కోప్పడవలసినది ఏదైనా ఉంటే అది ఆ కనిపించని మంట మీదనే. తొమ్మిదింటిలో అలాంటి రాత్రులు ఎన్ని?

మేడమీద_మడతకుర్చీ

ఖచ్చితంగా రెండు. మరో మూడు రాత్రులు మబ్బు పట్టి నక్షత్రాలు లేవు కనుక మధ్య గొట్టం ఎదుట ఖాళీ వదిలాను.